ఆరు వందల ఇరవై రూపాయల అధిక ఆరోగ్యం

నాకు అన్నిటికంటే భయం మా లోహిత ఊపిరి ఆగిపోతుందేమోనని. పిల్లకి మూడేళ్లు. పొగ తగిలితే చాలు, గుండెలో పిల్లికూతలు మొదలవుతాయి. నిద్రలో ఆ చప్పుడు వినిపిస్తే భయం, వినిపించకపోతే ఇంకా భయం. వినిపించనప్పుడు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. అది లేచి నా వేలు కొరుకుతుంది. కొరికితే ప్రాణం కుదుటపడుతుంది.

మాది జీడి బట్టీల ఊరు. ఏప్రిల్ వచ్చేసరికి కొత్త జీడిపిక్కలు దిగుతాయి. బట్టీలన్నీ ఒకేసారి వెలిగిస్తారు. ఆరబెట్టిన బట్టలు ఇంట్లోకి తెచ్చేలోపే బూడిదరంగు తిరుగుతాయి. నేను పప్పు మీద పొర తీసే వరసలో కూర్చుంటాను. ఎనిమిదో తరగతిలో బడి మానేసి అక్కడ కూర్చున్నదాన్ని, పెళ్లికి ఒకసారి, పురుడుకి ఒకసారి లేచాను.

మాకొక ఆరోగ్య పొదుపు సంఘం ఉంది. నెలకు రెండు వందలు కూలిలో పట్టుకుని మా పేరున ఖాతాలో వేస్తారు. జబ్బు చేస్తే సంఘం ఆసుపత్రిలో ఆ డబ్బుతో చూపించుకోవాలి. ఈ డబ్బు మీద పన్ను లేదు. పన్ను లేదు కాబట్టి ఏటా మార్చిలో పన్ను రిటర్ను వేయాలి. లేని పన్నుకి రిటర్ను దేనికని మా వరసలో సాయమ్మ అడిగితే, లేదని చెప్పడానికేనని సమాధానం వచ్చింది. అందులో ఎవరికీ తప్పు కనబడలేదు.

తప్పు నా వల్ల జరిగింది. మా వైపు పిల్లకి ఒళ్లు వెచ్చబడితే పసుపు గుడ్డలో రూపాయి కట్టి దేవుడి పేరున ముడుపు పెడతాం. సంఘం తెరిచిన రోజు అధ్యక్షుడు మైకు పట్టుకుని, ఈ ఖాతా మీ పిల్లలకు రక్ష అన్నాడు. పెద్దమనిషి మాట కదా, నేను పట్టుకున్నాను. దేవుడికి చూడవలసిన ఊళ్లు చాలా ఉంటాయి, సంఘం వీధి దాటితే ఉంటుంది, పైగా రసీదు ఇస్తుంది. లోహిత దగ్గిన ప్రతిసారీ ఇరవై రూపాయలు తీసుకెళ్లి కిటికీలో కట్టి, మనసులో దణ్ణం పెట్టుకుని, రసీదుని పసుపు గుడ్డలో చుట్టి దూలానికి వేలాడదీశాను. గుమాస్తా వద్దనలేదు. "స్వచ్ఛంద జమ" అని రాసుకున్నాడు. నన్ను చూసి మా వరసలో ఆడవాళ్లందరూ అదే పట్టారు. ఏడాదిలో నావి ముప్పై ఒక్క రసీదులయ్యాయి. పిల్ల ప్రతిసారీ నయమైంది.

మార్చి రెండో వారంలో ఉత్తరం వచ్చింది.

"శ్రీమతి దుంపల దమయంతి గారికి. తమరు ప్రస్తుత ఆర్థిక సంవత్సరమందు అనుమతించిన రూ. 2,400 పరిమితిని అతిక్రమించి, రూ. 620 మేరకు ఆరోగ్యమును అధికముగా పొదుపు చేసియున్నట్లు గమనించడమైనది. సదరు అధికమును మార్చి 31 లోపు తొలగించుకొని రిటర్నునందు చూపని యెడల, తొలగు వరకు ఏటా నూటికి ఆరు చొప్పున జరిమానా విధింపబడును. అంతవరకు తమ ఖాతా స్తంభింపజేయబడినది."

మా అత్తకి చదివి వినిపించాను. ఆవిడ నన్ను కాళ్ల దగ్గర నుంచి తల వరకు చూసింది.

"ఆరోగ్యం ఎక్కువైపోనాదంటనా నీకు? మరి ఒంటి మీద అగుపడదేటే?"

నాకు నవ్వు రాలేదు. బట్టీలు వెలిగేలోపు పిల్లకి ఆవిరి మందు పట్టే మిషను ఇంట్లో ఉండి తీరాలని సంఘం డాక్టరమ్మ నిరుపమ గారు అప్పటికే చెప్పి ఉన్నారు. మిషను పద్దెనిమిది వందల యాభై. ఖాతాలో అంతకంటే ఎక్కువే ఉంది. ఉన్న డబ్బుకి తాళం పడింది. మా ఇంటాయన లారీ మీద ఒడిశాలో ఎక్కడో ఉన్నాడు. ఫోన్ చేస్తే, ఎక్కువ కట్టినవాళ్లకి కూడా తాళం వేస్తారా అని నన్నే అడిగాడు.

ఆఫీసులో కొత్తగా ఒక అధికారి వచ్చి ఉన్నాడు. పట్నాయకుని వైకుంఠరావు గారు. బల్ల మీద "అధిక జమల నివారణాధికారి" అని పలక. సన్నగా ఉంటాడు. మా అందరినీ తమరు అని పిలుస్తాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆ ఆఫీసులో నేను కూర్చోవడం అదే మొదలు.

ఇది నేరము కాదు, మిగులు మాత్రమే అని ధైర్యం చెప్పాడు. పిల్ల దగ్గినప్పుడల్లా కట్టాను బాబూ అన్నాను. దగ్గినప్పుడల్లా కట్టుట వరకు సవ్యమే, దగ్గు మీద వ్యయము చేయకపోవుట వలన చిక్కు వచ్చినది అన్నాడు. పైగా ఆ ఆరు వందల ఇరవైకి పదకొండు రూపాయల నలభై పైసలు వడ్డీ కూడా పుట్టింది. అది కూడా తొలగాలి. ఎందుకంటే అది అధిక ఆరోగ్యానికి పుట్టిన ఆరోగ్యం.

అయితే తీసి ఇంటికి పట్టుకుపోవచ్చా అంటే పోవచ్చునట. కానీ నేను పట్టుకుపోలేను.

"ముడుపు డబ్బు బాబూ. ఇంటికి తెచ్చి వాడుకుంటే పిల్లకి తగులుద్ది."

ఆయన రిటర్ను కాగితం ఈ పక్కా ఆ పక్కా తిప్పి, గడులన్నీ వేలు పెట్టి చూశాడు. చూసి, నిజంగా బాధపడుతూ చెప్పాడు.

"ముడుపునకు గడి లేదమ్మా."

పోనీ ఆ అధికంతో పిల్లకి మిషను కొనండి అన్నాను. మిషను ఈ ఏడాదితో అరిగిపోదు కాబట్టి, అది వచ్చే ఏటి ఆరోగ్యమును ఈ ఏట కొనుటయగునని, కుదరదన్నాడు. ఇక మిగిలింది ఒకటే దారి. ఆరు వందల ముప్పై ఒక్క రూపాయల నలభై పైసలకి జబ్బు చేయాలి. ఒక్క పైస ఎక్కువైతే న్యాయమైన జమలో చేయి పెట్టినట్టు, ఒక్క పైస తక్కువైతే అధికం అలాగే ఉన్నట్టు. పిల్ల మార్చి ముప్పై ఒకటి లోపు ఒకసారి దగ్గగలిగితే సులభమగునని కూడా అనబోయాడు.

నేను కుర్చీలోంచి లేచిపోయాను. "ఆ మాట నోటంట రానీకండి బాబూ."

ఆయన ముఖం ఎర్రబడింది. ఆ సూచన అప్పటికే ఫైలులో రాసుకున్నాడు కాబోలు, స్కేలు పెట్టి నిదానంగా కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. తర్వాత నాకు మంచినీళ్లు తెప్పించాడు.

ముడుపు రోగానికి ఖర్చు పెడితే దోషం ఉందా అని అత్తని అడిగాను. ఇంటికి తేకూడదు గాని రోగం మీద పెడితే దేవుడి ఖాతాలో పడినట్టేనని చెప్పింది. కాబట్టి నేనే జబ్బు పడాలని తీర్మానించుకున్నాను.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లేసరికి మా వరస అక్కడే ఉంది. మొత్తం నలభై ముగ్గురికి ఉత్తరాలు వచ్చాయట. గోడ మీద సంఘం రేట్ల పట్టిక ఉంది. జ్వరం రెండు వందల నలభై, బెణుకు మూడు వందల ఎనభై అయిదు, తేలుకాటు మూడు వందల పది, కళ్లకలక తొంభై అయిదు, గాయానికి కట్టు పదకొండు. పెన్నూ కాగితం లేనివాళ్లు చీర కొంగులో తెచ్చుకున్న పప్పు బద్దలు నేల మీద పేర్చి లెక్కలు వేస్తున్నారు. జ్వరం, బెణుకు కలిపితే నాకు ఆరు రూపాయల నలభై పైసలు తగ్గుతోంది. నన్ను పక్కకి జరిపి సాయమ్మ లెక్క చేసింది.

"నీకు రెండు తేళ్లు సరిపోతాయే. అసలు తీరిపోద్ది. వడ్డీకి ఒక కట్టు కట్టించుకో."

అప్పటికీ నలభై పైసలు మిగిలాయి. నలభై పైసల జబ్బు పట్టికలో లేదు.

రెండు తేళ్లూ నాకు దొరకలేదు. దొరికితే ఏం చేసేదాన్నో ఇప్పుడు చెప్పలేను. గోడ పక్కన రాళ్లు ఎత్తి చూసిన మాట నిజం. డాక్టరమ్మ నలభై ముగ్గురికీ నాడి చూసి, నాలుక చూసి, ఒక్కొక్కరికీ "ఆరోగ్యవంతురాలు" అని రాసి ముద్ర వేశారు. మేము తలలు వంచుకుని బయటికి వచ్చాం. నన్ను మాత్రం ఆపి, మిషను సంగతి ఏమైందని అడిగారు. ఏప్రిల్ మొదటి వారం దాటించవద్దన్నారు.

నలభై ముగ్గురు సభ్యులు మొండిగా ఆరోగ్యంగా ఉన్నారని వైకుంఠరావు గారు పై ఆఫీసుకి రాశారు. పై ఆఫీసు వెంటనే జవాబిచ్చింది. సభ్యులను శిక్షించరాదు, చైతన్యపరచవలెను అని. దాంతో సంఘం హాలులో వారం రోజులు అనారోగ్య ప్రోత్సాహక వారోత్సవం పెట్టారు. గుమ్మానికి బ్యానరు కట్టారు. అధ్యక్షుడు దీపం వెలిగించాడు. వైకుంఠరావు గారు ప్రసంగించారు.

"సోదరీమణులారా, ఆరోగ్యము మహాభాగ్యమే. కాని భాగ్యమునకు సైతము పరిమితి గలదు. పరిమితి దాటిన ప్రతి సభ్యురాలును ఈ వారములో ఏదో యొక స్వల్ప వ్యాధిని స్వచ్ఛందముగా స్వీకరించి సంఘమునకు సహకరింపగలరని ఆశించుచున్నాను."

మేము చప్పట్లు కొట్టాం. వారం కూలి సంఘమే బట్టీ యజమానులకి చెప్పి ఇప్పిస్తుందంటే ఎందుకు కొట్టం. కార్యక్రమం కాగితం మీద బాగానే ఉంది. ఉదయం తడి తలతో ఫ్యాను కింద కూర్చోవాలి. మధ్యాహ్నం ఐసు నీళ్లు. సాయంత్రం వెనక కాలువ పక్కన దోమల మధ్య గంటసేపు. తీరా చూస్తే ముఖ్య అతిథి వస్తున్నాడని కాలువ బాగుచేయించేశారు. దోమ ఒక్కటి లేదు, మంచి గాలి వచ్చింది. తడి తలతో ఫ్యాను కింద మేము పడుకుని నిద్రపోయాం. పీట మీద పొద్దున ఏడు నుంచి వంగి కూర్చునే మనుషులం, ఏళ్ల తర్వాత నడుం వాల్చాం. రెండు పూటలా వేడి అన్నం, పప్పు, పెరుగు. వంట మేము చేయనక్కర్లేదు. సాయమ్మకి మూడేళ్లుగా ఉన్న నడుంనొప్పి మూడో రోజున పోయింది. పోయిందని ఎవరికీ చెప్పొద్దని నా చేయి పట్టుకుంది.

ఏడో రోజు పరీక్షలు చేస్తే, వచ్చినప్పుడు కాస్తో కూస్తో నలతగా ఉన్న ఆరుగురికి కూడా నయమైపోయిందని తేలింది. అదీ కాక శిబిరానికి హాజరైనందుకు రోజుకి పది చొప్పున మనిషికి డెబ్బై రూపాయల భత్యం ఉంది. సంఘం నియమాల ప్రకారం భత్యం నగదుగా ఇవ్వకూడదు. ఖాతాలోనే వేశారు.

నా అధికం వడ్డీతో కలిపి ఏడు వందల ఒక రూపాయి నలభై పైసలు అయింది. వైకుంఠరావు గారు ఆ అంకెలు చదివి, సీసా ఎత్తి నీళ్లన్నీ తాగేశారు.

ఇరవై తొమ్మిదో తారీకున లోహితని చంకనేసుకుని ఒక్కదాన్నే ఆఫీసుకి వెళ్లాను. ఆ పొద్దున్నే బట్టీల ముందు పిక్కల లారీలు ఆగి ఉండడం చూశాను. పిల్లని బల్ల అంచున కూర్చోబెట్టి, ఆయన్ని అడిగాను.

"ఒకటో తారీకుకి బట్టీలు ఎలిగిస్తారు బాబూ. నాను నియమాలు తప్పంటం నేదు. పిల్ల ఊపిరి ఆగకుండా ఏ గడి ఉందో మీరే సెప్పండి. అందులో రాసుకుంటాను."

ఆయన బీరువా తెరిచి, కుట్లు ఊడిపోయిన నియమావళి తీసి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. లోహిత ఆయన రబ్బరు ముద్ర తీసుకుని తన మోకాలి మీద "పరిశీలించబడినది" అని వేసుకుంది. రెండో మోకాలి మీద వేసుకుంటుండగా ఆయన వేలు ఒకచోట ఆగింది.

తొమ్మిదో నియమం. సభ్యుల అధిక జమలన్నింటినీ ఒకే రోగి పేరున కేంద్రీకరించి, ఆ రోగి మీద ఖర్చు చూపవచ్చు. చూపిన రోజునే సభ్యుల ఖాతాలు విడుదలవుతాయి. ఆ రోగి ఎవరై ఉండాలని అడిగాను. ఆయన ఉత్సాహంగా చదివారు.

"ఒకటి, సదరు రోగి ఆ సంవత్సరమున ఖాతాలో ఒక్క పైసయు జమచేసియుండరాదు."

అలాంటి కార్మికురాలు మాలో లేదు. అందరికీ కూలిలోనే పట్టేస్తారు.

"రెండు, సంఘమునకు చెందినవారై యుండవలెను."

ఆసుపత్రివాళ్ల లెక్క వేరు, సంఘం ఆఫీసులో జీతగాళ్లు ఇద్దరే. గుమాస్తా భార్య మా వరసలోనే కూర్చుంటుంది, ఆవిడ ఖాతాలో అతని పేరూ ఉంది. వైకుంఠరావు గారి చదువు నెమ్మదించింది.

"మూడు, ఇతర వ్యాధి యేదియు లేనివారై యుండవలెను. నాలుగు, కార్యస్థానమందు ఒంటరిగా నివసించువారై యుండవలెను."

ఆయన కుటుంబం విజయనగరంలో ఉంటుంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని, నియమం మొదటి నుంచి చదివారు, ఈసారి లోపల. మారలేదు.

"తాతకి సూదేత్తారా?" అని లోహిత అడిగింది.

ఆయన పిల్ల చేతిలోంచి ముద్ర తీసుకున్నారు. కొత్త ఫారం ఒకటి తీసి తన పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. సిఫారసు చేయువారు అన్నచోట సంతకం పెట్టారు. ఆమోదించువారు అన్నచోట పెట్టారు. రోగి అన్నచోట కాసేపు ఆగి, అక్కడా పెట్టారు. వద్దని నేను అనాలి. అనలేదు. పిల్లని చంకనేసుకుని, కిటికీలోంచి లారీల వైపు చూస్తూ నిలబడ్డాను.

ముప్పయ్యో తారీకున ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాం. నలభై ముగ్గురం వెనకాల నడిచాం. సాయమ్మ కొబ్బరికాయ కొట్టింది. వ్యాధి పేరు లేకుండా చేర్చుకోనని డాక్టరమ్మ పట్టుబడితే, ఆయనే కలం అడిగి ఆ గడిలో "అధిక జమ" అని రాశారు. చొక్కా మడిచి తలగడ కింద పెట్టుకుని పడుకున్నారు. ముప్పై ఒకటి మధ్యాహ్నానికి మా తాళాలు ఊడాయి. సాయంత్రానికి రిటర్ను వేశాను. పద్నాలుగో గడిలో, అధికం అన్నచోట, సున్నా. ఆ సున్నాని గుండ్రంగా, నెమ్మదిగా చుట్టాను. దుకాణం మూసేలోపు మిషను కొన్నాను.

ఒకటో తారీకున బట్టీలు వెలిగాయి. మూడో తారీకు మధ్యాహ్నం పిల్లకి కూతలు మొదలయ్యాయి. డొక్కలు ఎగరేస్తోంది, పెదాల చుట్టూ రంగు మారుతోంది. మందు పోసి, ముక్కుకి మూత పెట్టి మీట నొక్కాను. మిషను తుమ్మెదలా రొద పెట్టింది. తెల్లటి ఆవిరి వచ్చింది. పదిహేను నిమిషాలకి డొక్కలు నిదానించాయి. ఇరవై నిమిషాలకి మూత పక్కకి తోసి బెల్లం అడిగింది. నేను గోడకి జారగిలబడి కూర్చున్నాను. లేవడానికి మా అత్త చేయి ఇవ్వవలసి వచ్చింది.

వైకుంఠరావు గారు మాత్రం ఇంకా బయటికి రాలేదు. నలభై మూడు ఖాతాల అధికం ముప్పై ఒక్క వేలు దాటింది. మంచానికి రోజుకి నూట పది. ఆ లెక్కన తొమ్మిది నెలల పైమాట. ఆడదానికైతే ఆపాటికి పురుడైపోద్ది అని మా అత్త అంది. ఇంతలో మా అధికాలన్నీ ఆయన పేరున పడి ఆయన ఖాతాదారుడైపోయారు కాబట్టి ఆయన జీతంలో కూడా నెలకు రెండు వందలు పట్టడం మొదలుపెట్టారు. అదీ ఆయన మీదే ఖర్చవ్వాలి. తొమ్మిదో నియమం సంగతి తెలిసి పక్క ఊళ్లలో పీచు తాళ్ల సంఘం, ఉప్పు మడుల సంఘం తమ అధికాలు కూడా ఆయన పేరునే పంపాయి. ఇప్పుడు ఆయన మీద ఖర్చు కావలసింది లక్షా తొంభై వేలు. డాక్టరమ్మ రోజుకి రెండుసార్లు చూస్తారు. బీపీ బాగుంది, చక్కెర బాగుంది. ఆసుపత్రి తిండికి కాస్త బుగ్గలు కూడా వచ్చాయి.

పోయిన నెల విడుదల కాగితం నేనే రాయించుకుని పట్టుకెళ్లాను. దాని మీద అధిక జమల నివారణాధికారి సంతకం ఉండాలి. మంచం మీద ఉన్నది ఆయనే కదా, పెట్టండి బాబూ అన్నాను. ఆయన దుప్పటి సర్దుకుని కూర్చుని, కాగితం రెండుసార్లు చదివి నాకు తిరిగి ఇచ్చేశారు.

"అధికారి అనారోగ్య సెలవులో నున్నాడమ్మా. సెలవులో నున్నవాని సంతకము చెల్లదు."

చెప్పి పక్కకి తిరిగి పడుకున్నారు. వెళ్తుంటే మాత్రం, పిల్ల ఎలాగుందని వెనక నుంచి అడిగారు.

బట్టీలు మండినంతకాలం పిల్లకి రోజుకి రెండుసార్లు ఆవిరి పట్టాలి, నేను తరచు వెళ్లలేను. మీలో ఎవరైనా మా వైపు వస్తే, సంఘం ఆసుపత్రిలో మగవాళ్ల గదిలోకి వెళ్లి కిటికీ పక్క మంచం మీద ఆయన్ని ఒకసారి చూసి రండి. ఎలా ఉన్నారని మాత్రం అడగకండి. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. బాగున్నానంటారు, నర్సు రాసుకుంటుంది. రోగే బాగున్నానన్నాడని రాతలో పడితే పెట్టిన ఖర్చంతా చెల్లదు, అధికం తిరిగి మా ఖాతాల మీదికి వస్తుంది. అందుకని వేరే ఏమీ అనకుండా, కాసేపు ఆ స్టూలు మీద కూర్చుని, భోంచేశారా బాబూ అని అడగండి.